కూర్చుని తినని రెగ్యులేటర్: రొయ్యల చెరువులో 14 నెలల ఎంసీపీ1700

మా అన్నయ్యకు భీమవరం దగ్గర, ఉండి వైపు, రెండు రొయ్యల చెరువులున్నాయి. నేను హైదరాబాద్‌లో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. వనామీ రొయ్యకు నీళ్ళు 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే హాయి. చలికాలం తెల్లవారుజామున నీళ్ళు చల్లబడితే రొయ్య మేత తగ్గించేస్తుంది. అది గమనించకుండా రోజూ వేసినంతే వేస్తే మిగిలిన మేత అడుగున కుళ్ళి చెరువు పాడవుతుంది. అన్నయ్య చెక్ ట్రే (మేత మిగిలిందో లేదో తెలియడానికి నీళ్ళలో ఉంచే పళ్ళెం) తీసి చూసి పసిగడతాడు కానీ, నీళ్ళ వేడి ముందే తెలిస్తే మంచిదని ఎప్పటి నుంచో అంటున్నాడు. అందుకని ఒక చిన్న డబ్బా చేసిచ్చాను. డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్, అంతటినీ నడిపే ఏటీమెగా328పీ చిప్, తక్కువ కరెంటుతో దూరం పంపే ఆర్‌ఎఫ్‌ఎం95 లోరా రేడియో, ఒక 18650 లిథియం సెల్. పది నిమిషాలకోసారి లేచి, ఉష్ణోగ్రత చూసి, ముప్పావు కిలోమీటరు దూరంలో ఉన్న ఇంటికి పంపి మళ్ళీ నిద్రపోవాలి. అంతే దాని పని.

మొదటి డబ్బా ఏడో రోజున ఆగిపోయింది. "ఏమ్మా, నీ డబ్బా పలకట్లేదు, పొద్దుట్నుంచీ ఒక్క ముక్క రాలేదు" అని ఫోన్. బ్యాటరీ అయిపోయి ఉంటుందనుకున్నాను. అన్నయ్య చేత సెల్ తీయించి మల్టీమీటర్ పెట్టిస్తే 3.76 వోల్టులు చూపించింది. అంటే దాదాపు సగం చార్జి మిగిలే ఉంది. సగం తిని, మిగతా సగాన్ని వాడుకోలేక ఆగిపోయిందన్నమాట. ఎంసీపీ1700 అనే రెగ్యులేటర్ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి, చిప్‌కు సరిపడా నిలకడగా ఇచ్చే ముక్క) మీద ఈ రివ్యూ రాయడానికి కారణం ఆ 3.76.

తప్పు నాదే. తొందరలో ఒక రెడీమేడ్ బోర్డు వాడాను. దాని మీద 1117 రకం రెగ్యులేటరు, పక్కన ఎప్పుడూ వెలిగే చిన్న ఎర్ర ఎల్ఈడీ ఉన్నాయి. చిప్‌నీ రేడియోనీ నిద్రపుచ్చి కొలిస్తే బోర్డు మొత్తం 6.8 మిల్లీఆంపియర్లు తాగుతోంది. 1117 డేటాషీట్ తెరిచి చూస్తే, ఏ లోడూ లేకపోయినా దానికి సుమారు 5 మిల్లీఆంపియర్లు కావాలని రాసే ఉంది. దీన్ని క్వైసెంట్ కరెంట్ అంటారు. మా ల్యాబ్‌లో పిల్లలకు నేను 'కూర్చుని తినే కరెంటు' అని చెబుతాను. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు కదా, 2,200 ఎంఏహెచ్ సెల్ ఎంత! 6.8 చొప్పున లెక్కేస్తే మొత్తం తాగినా పదమూడున్నర రోజులే.

మరి ఏడో రోజే ఎందుకు ఆగింది? రెండో జబ్బు అక్కడుంది. 1117 పని చేయాలంటే లోపలికి వచ్చే వోల్టేజీ, బయటికి ఇచ్చేదాని కంటే ఒక వోల్టుకు పైగానే ఎక్కువుండాలి. ఆ తేడానే డ్రాపవుట్. 3.3 కావాలంటే కనీసం 4.4 ఇవ్వాలి. నిండా చార్జి అయిన లిథియం సెల్ కూడా 4.2 దాటదు. అంటే నా డబ్బా మొదటి రోజు నుంచీ 3.3 చూడనే లేదు. 3.1తో మొదలై దిగుతూ వచ్చింది. సెల్ 3.76కి చేరేసరికి చిప్‌కు 2.7 కంటే తక్కువ అందింది, వోల్టేజీ మరీ పడిపోతే చిప్‌ను ఆపే బ్రౌన్-అవుట్ కాపలా దాన్ని రీసెట్ చేసి కూర్చోబెట్టింది. యూఎస్‌బీ 5 వోల్టులతో నడిచే బోర్డుకు 1117 బాగా సరిపోతుంది. బల్ల మీద ఇప్పటికీ అదే వాడతాను. ఒక్క సెల్‌తో నెలల తరబడి బతకాల్సిన డబ్బాకు మాత్రం అది పనికిరాదు.

రెగ్యులేటరే తీసేయొచ్చు కదా అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. చిప్ 5.5 వోల్టుల దాకా తట్టుకుంటుంది కానీ, రేడియో హద్దు 3.7. నిండు సెల్ 4.2 ఇస్తుంది. మధ్యలో ఒకరు ఉండాల్సిందే.

ఆ ఆదివారం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. 3.3 వోల్టుల రెగ్యులేటర్ అనగానే కౌంటర్ దగ్గర పెద్దాయన డబ్బా లాగి, "ఇదే తీస్కోండి మేడమ్, అందరూ ఇదే తీస్కుంటరు" అని మళ్ళీ 1117 స్ట్రిప్ ముందు పెట్టారు. ఆయన్ని తప్పుపట్టలేను, వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కరెంటు అడాప్టర్ మీద నడిపేవాళ్ళే. నేను కాగితం మీద మూడు నంబర్లు రాసిచ్చాను: ఎంసీపీ1700, హెచ్‌టీ7333, ఎక్స్‌సీ6206. లోపలికెళ్ళి వెతికి, మూడూ తెచ్చారు. ఎంసీపీ1700 ఒక్కోటి 30 రూపాయలు, హెచ్‌టీ7333 అందులో సగం, ఎక్స్‌సీ6206 ఇంకా తక్కువ.

డబ్బాలోకి వెళ్ళింది ఎంసీపీ1700. మైక్రోచిప్ కంపెనీది. నేను కొన్నది 3302ఈ అని చివర రాసుండే 3.3 వోల్టుల రకం, ట్రాన్సిస్టర్‌లా మూడు కాళ్ళుండే టీవో-92 ప్యాకేజీలో. చేత్తో సోల్డర్ చేసుకునేవాళ్ళకు ఇంతకంటే సుఖం లేదు. ఇది కూర్చుని తినేది 1.6 మైక్రోఆంపియర్లు. 1117 తినేదాంట్లో మూడువేలో వంతు. నా సెల్‌ను ఇది ఒక్కటే తింటే నూరేళ్ళు దాటినా అయిపోదు, ఈలోపు సెల్ తనంతట తానే ఖాళీ అవుతుంది. 250 మిల్లీఆంపియర్ల దాకా ఇస్తుంది, అంత లాగినప్పుడు కూడా డ్రాపవుట్ మామూలుగా 0.18 వోల్టుల దరిదాపులో ఉంటుంది. నా రేడియో గట్టిగా అరిచినప్పుడు, అంటే సందేశం పంపేటప్పుడు, లాగేది 120, అప్పుడు పోయేది ఇంకా తక్కువ. సెల్ 3.3 కంటే దిగినా ఇది మొండికేయదు, తనకు వచ్చినదాంట్లో కాస్త తగ్గించి అలాగే ముందుకు పంపేస్తుంది. చిప్ 2.7 దాకా సంతోషంగా ఉంటుంది కనుక సెల్‌లో ఉన్నదంతా వాడుకోవచ్చు. అసలు అంత అడుక్కి పోనివ్వకూడదు, లిథియం సెల్ పాడవుతుంది. ఆ కాపలా రెగ్యులేటర్ కాయదు. 3.2 రాగానే పంపడం ఆపి, 'నన్ను మార్చండి' అని ఒక్క సందేశం ఇచ్చి పడుకునేలా నేనే కోడ్ రాశాను.

నిద్రలో ఎంత తాగుతోందో కొలవడమే పెద్ద టెన్షన్ అయింది. మల్టీమీటర్‌ను మైక్రోఆంపియర్ల రేంజిలో పెట్టి సెల్‌కు వరసలో కలిపితే, చిప్ లేవగానే మీటర్ లోపలి రెసిస్టెన్స్ దగ్గరే వోల్టేజీ పడిపోయి డబ్బా రీసెట్ అవుతుంది. అలా అరగంట తిప్పలు పడ్డాక, మీటర్ రెండు కొనలనూ ఒక వైరు ముక్కతో కలిపి ఉంచి, చిప్ నిద్రపోయాక ఆ వైరు తీశాను. అప్పుడు అంకె నిలబడింది, 31 మైక్రోఆంపియర్లు. 6.8 మిల్లీ నుంచి 31 మైక్రోకి దిగినందుకు సంతోషించాలి నిజానికి. కానీ లెక్క ప్రకారం పది లోపే రావాలి. రెగ్యులేటర్‌ది రెండు, తనను లేపే వాచ్‌డాగ్ గడియారంతో నిద్రపోయే చిప్‌ది ఐదారు, రేడియోది ఒకటి లోపు. మిగతా ఇరవై ఎవరు తింటున్నారు?

దొంగ దొరకడానికి ఒక సాయంత్రం పట్టింది. బ్యాటరీ వోల్టేజీ చూసుకోవడానికి రెండు 100 కిలోఓమ్ రెసిస్టర్లు వరసగా పెట్టాను. 4 వోల్టుల మీద అవి రెండూ కలిసి రాత్రీపగలూ 20 మైక్రోఆంపియర్లు నేలపాలు చేస్తున్నాయి. ఎంచి ఎంచి తెచ్చుకున్న రెగ్యులేటర్ కంటే పది రెట్లకు పైగా! వాటి స్థానంలో రెండు 1 మెగాఓమ్‌వి పెట్టి, మధ్యలో నుంచి గ్రౌండ్‌కు (సెల్ మైనస్ వైపు) 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కట్టాను. అంకె 12కి దిగింది. ఇంకా పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కూడా ఇలాగే గుట్టుగా కారుస్తాయి. రేడియో అరుపు కోసం ఒక 1,000 మైక్రోఫారడ్‌ది తగిలిద్దామని చాలామందికి అనిపిస్తుంది, దాని లీకేజీ హద్దు ఒక్కోసారి పదుల మైక్రోఆంపియర్లు. నాది 100తో సరిపెట్టాను. రెగ్యులేటర్‌కు ముందొకటి, వెనకొకటి 1 మైక్రోఫారడ్ సిరామిక్‌వి తప్పనిసరి, వెనకది లేకపోతే ఇది నిలకడగా ఉండదు. మరీ చిన్న సైజు సిరామిక్ కెపాసిటర్లు వోల్టేజీ పడ్డాక తమ మీద రాసున్న విలువలో చాలా భాగం పోగొట్టుకుంటాయి కాబట్టి, నేను 2.2వి వేశాను.

డబ్బా మూత బిగించే ముందు బోర్డు మొత్తానికి రెండు పూతలు నెయిల్ పాలిష్ వేశాను. చెరువు మీద గాలిలో ఉప్పు తేమ ఉంటుంది. అది బోర్డు మీద పేరుకుంటే ఆ తడిలోంచే మైక్రోఆంపియర్లు పారతాయి, ఎంత మంచి చిప్ పెట్టినా లాభం లేదు.

14 నెలలైంది. 4.18తో పెట్టిన సెల్ మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు 3.92 ఉంది. మధ్యలో ఒక్కసారి కూడా తీయలేదు. ఇప్పుడు తెల్లారగట్ల మేత వేసే ముందు అన్నయ్య ఫోన్‌లో అంకె చూసి, తక్కువుంటే ఎండ వచ్చేదాకా ఆగుతాడు. ఏరేటర్ల చప్పుడు పక్కనే వెదురు గుంజకు కట్టిన ఆ డబ్బా చూస్తే నాకు చాలా ఇష్టంగా ఉంటుంది.

ఇక దీని లోపాలు. మొదటిది, 6 వోల్టులే దీని హద్దు. రెండో డబ్బాకు చిన్న సోలార్ పలక పెడదామని '6 వోల్టులు' అని రాసున్న దాన్ని నేరుగా కలిపాను. ఎండలో ఏ లోడూ లేకుండా ఆ పలక 7.2 ఇస్తుందని అంతకుముందే కొలుచుకోవాల్సింది. రెగ్యులేటర్ లోపల షార్ట్ అయి, వచ్చిందంతా నేరుగా రేడియోకి పంపింది. 30 రూపాయల ముక్కతో పాటు ఎనిమిది వందల రేడియో పోయింది. సెల్ తిరగేసి పెట్టినా ఇది కాపాడదు. రెండోది కాళ్ళ వరస. చదునైన ముఖం మనవైపు పెట్టుకుంటే ఎడమ నుంచి గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. పాత 78ఎల్05 అలవాటున్నవాళ్ళు జాగ్రత్త, దానిది అవుట్‌పుట్, గ్రౌండ్, ఇన్‌పుట్. మూడోది, ఇంత తక్కువ తిని బతికే చిప్ చురుగ్గా ఉండదు. లోడ్ ఒక్కసారిగా పెరిగితే తేరుకునేలోపు వోల్టేజీ కాస్త కుంగుతుంది, ఆ క్షణం కెపాసిటరే మోయాలి. ఆడియోకో, ఖచ్చితమైన కొలతలకో అయితే నేను దీన్ని ఎంచుకోను.

పంపు షెడ్డులో పెట్టిన మూడో డబ్బాకు హెచ్‌టీ7333 వేశాను, హోల్‌టెక్ కంపెనీది. అక్కడ పాత ఎమర్జెన్సీ లైట్‌లోంచి తీసిన 6 వోల్టుల లెడ్ బ్యాటరీ ఉంది, చార్జి అయ్యేటప్పుడు 7 దాటుతుంది. ఇది 12 వోల్టుల దాకా తట్టుకుంటుంది, తినేది 4 మైక్రోఆంపియర్ల చుట్టుపక్కల. ఇదీ 250 మిల్లీఆంపియర్లదే, కాళ్ళ వరస కూడా ఎంసీపీ1700దే, కనుక బోర్డు మార్చకుండా ఒకదాని బదులు ఇంకొకటి పెట్టొచ్చు. కానీ 12 ఇచ్చి 3.3 తీస్తూ 100 మిల్లీఆంపియర్లు ఆగకుండా లాగితే 0.87 వాట్లు వేడిగా మారుతుంది. ఆ చిన్న నల్ల ముక్క అంత వేడి మోయలేదు. క్షణకాలం అరిచి పడుకునే రేడియోకైతే ఇబ్బంది లేదు. మీ బ్యాటరీ ఎప్పుడైనా 6 దాటే వీలుంటే సందేహించకుండా ఇదే కొనండి.

ఎక్స్‌సీ6206 టోరెక్స్ వాళ్ళది, బియ్యపు గింజంత ఉంటుంది, మీద 662కే అని ఉంటుంది. 1 మైక్రోఆంపియరే తింటుంది, 200 మిల్లీఆంపియర్లు ఇస్తుంది, దీని హద్దు కూడా 6 వోల్టులే. మెషిన్ మీద బోర్డు చేయించుకునేవాళ్ళకు బాగుంటుంది. నాకు కళ్ళజోడు పెట్టుకున్నా రెండు సోల్డరింగులు పాడయ్యాయి, వదిలేశాను.

వైఫై వాడేవాళ్ళు ఈ మూడింటి జోలికీ వెళ్ళొద్దు. ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్ కనెక్ట్ అయ్యేటప్పుడు 300 మిల్లీఆంపియర్లు దాటి లాగుతుంది. ఈఎస్‌పీ32కైతే కనీసం 500 ఇవ్వగలిగే సప్లై పెట్టమని తయారీదారులే చెబుతారు. 250 దానితో పెద్ద కెపాసిటర్ పెట్టి నెట్టుకొచ్చేవాళ్ళున్నారు కానీ, సెల్ కాస్త తగ్గగానే రీసెట్లు మొదలవుతాయి. వాటికి 600 ఇచ్చే ఏపీ2112 చూడండి, అది 55 మైక్రోఆంపియర్లు తింటుంది. అదీ ఎక్కువనిపిస్తే ఆర్‌టీ9080, అదీ 600దే, తినేది 2.

స్విచ్చింగ్ రకాలు (కాయిల్ సాయంతో వోల్టేజీ మార్చే రెగ్యులేటర్లు) పెడితే ఇంకా ఆదా కదా అని చాలామంది అంటారు. లిథియం సెల్ నుంచి 3.3 తీసేటప్పుడు ఆ ఆదా పెద్దగా మిగలదు. ఎంసీపీ1700 లాంటి లీనియర్ రెగ్యులేటర్ దక్షత అంటే బయటి వోల్టేజీని లోపలి దానితో భాగించడమే. 3.3ని 3.7తో భాగిస్తే 89 శాతం. దీనికోసం కాయిలు, అది చేసే రేడియో రొద, పిన్నులు కనపడని ప్యాకేజీ ఇవన్నీ తలకెత్తుకోవడం నాకు నచ్చలేదు. టీఐ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్) వాళ్ళ టీపీఎస్63900 లాంటివి 75 నానోఆంపియర్లతో నిజంగా అద్భుతంగా ఉంటాయి, చేత్తో అతికించడమే కష్టం. 9 వోల్టుల బ్యాటరీ నుంచి అయితే కథ వేరు, లీనియర్‌తో 37 శాతమే చేతికొస్తుంది, మిగతాదంతా వేడి. నన్నడిగితే ఆ బ్యాటరీనే మానేయమంటాను.

మొదటి నుంచీ మొదలుపెట్టే వీలున్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ 3.2 చుట్టూ నిలకడగా ఉంటుంది, నిండినా 3.65. ఇలాంటి చిప్పుకీ రేడియోకీ దాన్ని నేరుగా కలిపేయొచ్చు, రెగ్యులేటర్ ఊసే అక్కర్లేదు. రెండు ఆల్కలైన్ ఏఏ సెల్స్‌తోనూ అంతే. నా దగ్గర పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన 18650లు బోలెడున్నాయి కాబట్టి ఇటు వచ్చాను.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో పది ఎంసీపీ1700లు తెప్పించాను. అన్నిటి మీదా ఒకే అక్షరాలు, అన్నీ 3.3 చక్కగా ఇచ్చాయి. వాటిలో మూడు మాత్రం 60కి పైగా మైక్రోఆంపియర్లు తింటున్నాయి. వోల్టేజీ మాత్రమే చూసేవాళ్ళకు ఇది ఎప్పటికీ బయటపడదు, డబ్బా ఎందుకో త్వరగా ఆగిపోతోంది అనుకుంటారంతే. అప్పటి నుంచీ ప్రతి ముక్కనూ పరీక్షించే పెడుతున్నాను. 4 వోల్టుల సప్లైకి వరసలో ఒక 10 కిలోఓమ్ రెసిస్టర్, ఆపైన రెగ్యులేటర్, కెపాసిటర్లు, లోడ్ ఏమీ ఉండకూడదు. ఆ రెసిస్టర్ రెండు కొనల మధ్య మిల్లీవోల్టులు చూడాలి. అసలుదైతే 16, 20 అలా వస్తుంది. నకిలీది 600 చూపిస్తుంది. మామూలు మల్టీమీటర్ చాలు.

అన్నయ్య ఈ పంటకు పక్క చెరువుల వాళ్ళకు కూడా ఇంకో నాలుగు డబ్బాలు చేసిమ్మన్నాడు. ఈ వారం కోఠి నుంచి తెచ్చిన ఎనిమిది ముక్కలు అగ్గిపెట్టెలో ఉన్నాయి. రాత్రి ఐదింటిని చూశాను: 17, 16, 18, 17, 19. మిగతా మూడూ ఈ రాత్రి చూడాలి.